పాత ఎస్టీమ్‌తో రోజూ ఆఫీసుకి

మారుతి ఎస్టీమ్ వీఎక్స్ఐ, 2004 మోడల్, పెట్రోల్. నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ 09 అనే ఉంది. మధ్యలో టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో అది టీజీ అయింది, దీని నంబరు మాత్రం మారలేదు. మా మేనమామ కొన్న బండి. కళ్ళ ఆపరేషన్ తర్వాత ఆయన నడపడం మానేస్తే, వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కవరు కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. 2019లో పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడేసరికి పాత సామాన్లు కొనే అతను వచ్చి పాతిక వేలు ఇస్తానన్నాడు. ఆ మాట వినగానే నేను ఉంచుకుంటానన్నాను. లాక్‌డౌన్ రోజులు తీసేస్తే అప్పట్నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి ఇదే బండి.

ఎవరైనా ముందు అడిగేది మైలేజీ. సిటీలో ఏసీతో లీటరుకు 11 వరకు ఇస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద 80, 90లో నింపాదిగా పోతే 15 దాటుతుంది. ఆ తర్వాత అడిగేది, "మధ్యలో ఆగిపోదా?" అని. నేను రాసేదంతా దాదాపు ఆ రెండో ప్రశ్న గురించే.

ఇంజన్ గురించి నాకు ఎప్పుడూ టెన్షన్ లేదు. 1298 సీసీ, 16 వాల్వులు, 85 హార్స్‌పవర్. బండి బరువేమో టన్నుకు తక్కువే. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక మూడో గేరులో కాస్త తొక్కితే ఇప్పటికీ ఉరుకుతుంది. ఇదే ఇంజన్ కొద్ది మార్పులతో జిప్సీ కింగ్‌లో ఉంది, వర్సాలో ఉంది, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోనూ ఉంది. ఎస్టీమ్ తయారీ 2007లో ఆగిపోయింది గానీ జిప్సీ తయారీ ఆ తర్వాత పదేళ్ళకు పైనే నడిచింది. అందుకే గాస్కెట్లు, పిస్టన్ రింగులు, వాటర్ పంపు లాంటివి రాణిగంజ్‌లో నేటికీ దొరుకుతున్నాయి. అక్కడి కొట్లలో "ఎస్టీమ్‌కి కావాలి" అంటే కుర్రాడు సానుభూతిగా చూస్తాడు. "జిప్సీ కింగ్‌కి" అనండి, లోపలికెళ్ళి డబ్బా పట్టుకొస్తాడు. పాత పార్టు మాత్రం చేతిలో పెట్టుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి, అన్నీ ఒకటి కావు.

బండిని దారిలో ఆపేది ఇంజన్ కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరూ వైర్లూ. ఇరవై ఏళ్ళకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, బండి తిరిగినా తిరగకపోయినా సరే. అందుకని మొదటి డబ్బు పెయింటు మీద పెట్టలేదు. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, అన్ని కూలెంట్ హోజులు, బ్రేకు హోజులు, వెనక వీల్ సిలిండర్లు, యాక్సిల్ బూట్లు, ఇంజన్ మౌంటింగ్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, నాలుగు టైర్లు. ఇవన్నీ పాడయ్యేదాకా ఆగలేదు, వయసు చూసి మార్చేశాను. పాత టైర్ల ట్రెడ్ కొత్తదానిలా ఉంది, "ఇంకా బోలెడు లైఫ్ ఉంది సార్" అని షాపతను బతిమాలాడు కూడా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2310 అంటే 2010లో 23వ వారం. అంత పాత టైరుకి ట్రెడ్ ఎంతుంటే ఏంటి?

ఎలుకలు కొరికిన వైరింగు మరో పెద్ద పని. సెల్లార్‌లో నిలబడ్డ ఏ బండికైనా ఇది తప్పదు. ఎలక్ట్రీషియన్ బానెట్ కింద హార్నెస్, అంటే వైర్ల కట్ట, మొత్తం విప్పి, కొరికిన చోటల్లా కొత్త తీగ అతికి, టంకం వేసి, స్లీవులు తొడిగాడు. ఇలా మొదటి ఏడాదిలో లక్షకు కాస్త తక్కువ అయింది. పైకి చూస్తే బండి అలాగే ఉంది, మా ఆవిడకి ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఎంతకీ అర్థం కాలేదు.

అంత చేసినా వానాకాలంలో ఒక వింత జబ్బు పట్టుకుంది. సాయంత్రం షేక్‌పేట ఫ్లైఓవర్ దిగాక ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ నడుస్తుంటే, రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలైన ప్రతిసారీ ఇంజన్ ఆగిపోయేలా జర్కులు కొట్టేది. ఒక షెడ్డులో డైనమో మార్చాలన్నారు. ఇంకో చోట ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, పోయిందని, ఇరవై వేలవుతుందని చెప్పారు. చివరికి మా మెకానిక్ భాయ్ చూశాడు. ఎల్బీనగర్ దగ్గర చిన్న షెడ్డు ఆయనది, పాత మారుతీలే ఎక్కువ చేస్తాడు. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన ఇంజన్ బ్లాకుకి ఆనించి "సెల్ఫ్ కొట్టండి సార్" అన్నాడు. మీటరు ఒకటిన్నర వోల్టు చూపించింది. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి, అర వోల్టు దాటిందంటే ఎర్తింగ్ సరిగా లేనట్టే. బ్యాటరీ నుంచి గేరుబాక్సుకి పోయే నల్ల కేబులు పైకి నిక్షేపంలా ఉంది. తొడుగు చీరితే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేళ్ళతో నలిపితే పొడిలా రాలాయి. కొత్త కేబులు, లగ్గులు, కూలీ అన్నీ కలిపి ఆరొందలు. జర్కులు ఆ సాయంత్రమే పోయాయి. పాత బండిలో కరెంటుకి సంబంధించి ఏ తేడా కనిపించినా ముందు ఎర్త్ కేబుళ్ళు చూపించండి, ఈసీఎం మాట తర్వాత.

థర్మోస్టాట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో సగం పాత బండ్లకి అది ఉండదు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంటుని రేడియేటరుకి పోనివ్వని వాల్వు అది. ఎప్పుడో ఒకసారి బండి వేడెక్కితే మెకానిక్ దాన్ని పీకి పారేస్తాడు. మామయ్య బండికీ అదే చేశారు. కొత్తది వెయ్యమంటే భాయ్ కూడా మొదట నవ్వాడు. "మన ఎండలకి అది ఎందుకు సార్, చల్లటి దేశాలోళ్ళకి కావాలె గానీ." ఆయనతో నేను ఏకీభవించని విషయం ఇదొక్కటే. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ నడవాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఔటర్ మీద వేగంగా పోతే అసలు రాదు. కూలెంట్ సెన్సరు చెప్పిన మాట విని ఈసీఎం ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోలు ఆయిల్లో కలిసి ఆయిలు పలచబడుతుంది. బండి వేడెక్కడానికి అసలు కారణం వేరే ఉంటుంది: రేడియేటరులో పోసిన బోరు నీళ్ళు. మా వైపు బోరు నీళ్ళతో గీజరు కాయిలే ఏడాదికి తెల్లగా గార కడుతుంది, సన్నటి రేడియేటర్ ట్యూబులు ఎంత? నేను రేడియేటరు కొత్తది వేయించి, కొత్త మూత, థర్మోస్టాట్ పెట్టించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించాను. మే నెల మధ్యాహ్నం బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఏసీ వేసుకుని ఎంతసేపు నిలబడినా ముల్లు సగానికి కింద నుంచి కదలదు. మైలేజీ కూడా లీటరుకు కిలోమీటరు పైనే పెరిగింది.

ఏసీ ఈ బండికి ఉన్న పెద్ద ప్లస్ పాయింటు. ఓ-రింగులు మార్చి గ్యాస్ పట్టిస్తే ఇప్పటికీ చలి పుట్టిస్తుంది. సీట్లు కిందికి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకి ఎక్కి దిగడం కష్టమే.

థర్మోస్టాట్‌తో పెరిగిన ఆ మైలేజీలో కొంత పెట్రోలులో కలిపే ఇథనాల్ తినేసింది. 2025 నాటికి బంకుల్లో దాదాపు అంతటా 20 శాతం కలిపిన పెట్రోలే. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం లెక్క ప్రకారమే. ఈ పెట్రోలుకి తగ్గట్టు తయారుకాని బండ్లలో 3 నుంచి 6 శాతం తగ్గొచ్చని ప్రభుత్వమే చెప్పింది. నా బండిలో తగ్గుదల అటూ ఇటూగా అంతే ఉంది. అయితే నా భయం మైలేజీ గురించి కాదు, రబ్బరు గురించి. పాత రకం పెట్రోలు పైపులు ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడతాయి. ఒక ఆదివారం బానెట్ తీస్తే పెట్రోలు వాసన వచ్చింది. ఫిల్టరు దగ్గర పైపు మీద సన్నటి తడి. అది కారేది వేడి ఇంజన్ పక్కన. ఆర్9 రేటింగ్ ఉన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ హోజు అడిగి తెచ్చి ట్యాంకు నుంచి ఇంజన్ మీదుండే ఫ్యూయల్ రైల్ దాకా అన్ని రబ్బరు ముక్కలూ క్లిప్పులతో సహా మార్పించాను. ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని ఇథనాల్ వదిలిస్తుంది, అది వెళ్ళి ఫిల్టరుని మూస్తుంది, అందుకే ఫిల్టరు ఇప్పుడు ఏడాదికొకటి. బండి వారాల పాటు నిలబెట్టాల్సి వస్తే ట్యాంకు నిండుగా ఉంచుతాను. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది.

బాడీ విషయంలో హైదరాబాద్ బండికి ఒక అదృష్టం, సముద్రం లేదు. విశాఖలోనో కాకినాడలోనో తిరిగిన ఎస్టీమ్ తలుపుల కింద ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే తెలుస్తుంది. ఇక్కడ తుప్పు పట్టేది నీళ్ళు నిలిచే చోట: ముందు అద్దం రబ్బరు లీకై కార్పెట్ కింద, డిక్కీలో స్టెపినీ గుంటలో, బ్యాటరీ ట్రే కింద, తలుపుల అడుగున మట్టితో మూసుకుపోయిన రంధ్రాల దగ్గర. 2020 అక్టోబరు వానలకు మా సెల్లార్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు సీట్లు, కార్పెట్లు ఊడదీసి మేడ మీద ఎండబెట్టాం. ఫ్లోరులో రెండు చోట్ల తుప్పు అప్పుడే బయటపడింది. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను, పైన పుట్టీ పూసి కప్పెట్టనివ్వలేదు.

స్పేర్లలో అసలు కష్టం బాడీ సామాన్లకే. మెహదీపట్నంలో వెనక నుంచి ఆటో తగిలి టెయిల్ ల్యాంపు పగిలింది. కొత్తది ఎక్కడా లేదు. పుత్లీబౌలిలో తిరిగి తిరిగి చివరికి ఒక పాతది దొరికింది, రంగు కొంచెం వెలిసింది. బంపర్లు, అద్దాల రబ్బరు బీడింగులు, పవర్ విండో సామాను కూడా ఇంతే. అందుకే మంచివి కనిపించినప్పుడు అవసరం లేకపోయినా కొని అటక మీద పెడుతున్నాను. దీని మీద ఇంట్లో వేరే చర్చ నడుస్తోంది.

రోజువారీ మెయింటెనెన్స్ పెద్దగా ఏమీ లేదు. 5,000 కిలోమీటర్లకొకసారి ఆయిలు, ఫిల్టరు. రెండేళ్ళకొకసారి బ్రేకు ఆయిలు, కూలెంటు. వారానికోసారి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కూలెంటు మట్టం చూసి, టార్చితో హోజులన్నీ తడిమి చూస్తాను.

కాగితాల సంగతి. పదిహేనేళ్ళ తర్వాత ఆర్సీ ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించాలి. 2019లో ఫీజు వందల్లో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 2024లో అదే కట్టాను, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు కాబట్టి మళ్ళీ మారకపోతే 2029లో నాకు పడేది అదే. స్లాటు బుక్ చేసి బండిని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్ళాలి. లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేకు అన్నీ పనిచేస్తుంటే ఎక్కువసేపు పట్టదు. ఢిల్లీలో పెట్రోలు బండికి పదిహేనేళ్ళు అనే లెక్క విని ఇక్కడ కంగారు పడేవాళ్ళున్నారు, ఆ నిబంధన మనకు లేదు. ఇన్సూరెన్స్ ఎక్కువ కంపెనీలు థర్డ్ పార్టీ ఒక్కటే ఇస్తామంటాయి. 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం ఈ సైజు ఇంజన్‌కి ఏడాదికి 3,416, పైన జీఎస్టీ.

ఈ బండిలో నేను సర్దిచెప్పుకోలేనిది ఒకటుంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఎంత డబ్బు పెట్టినా అవి రావు. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే ముందు చక్రాలు లాక్ అయిపోతాయి. నేనొక్కడినే ఆఫీసుకి పోయేటప్పుడు ఆ రిస్కు నాది. పిల్లలతో విజయవాడ వెళ్ళాలంటే మాత్రం మా తమ్ముడి కొత్త కారు అడిగి తీసుకుంటాను, లేదా రైలెక్కుతాం.

ఎస్టీమ్ కొందామని చూసేవాళ్ళు కార్బురేటరు మోడల్ వదిలేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఎంపీఎఫ్ఐదే చూడండి. ఫ్రిజ్ మీద అతికించే మాగ్నెట్ ఒకటి పలచటి గుడ్డలో చుట్టి తలుపుల కింద, వీల్ ఆర్చిల మీద ఆనించండి, అంటుకోని చోట రేకు లేదు, పుట్టీయే ఉంది. కార్పెట్ ఎత్తనివ్వని అమ్మకందారుతో బేరం వద్దు. ఆర్సీ గడువు దాటి ఉంటే ఆ ఖర్చు రేటులో తగ్గించుకోండి. 60, 70 వేలకి బండి వచ్చినా మొదటి ఏడాదికి ఇంకో లక్ష పక్కన పెట్టుకోవాలి. అది చేతిలో లేకపోతే ఆ 70 వేలకే నడుస్తున్న పాత ఆల్టో వస్తుంది, అది కొనుక్కోండి.