ల్యాబ్‌వ్యూ పీక్ డిటెక్టర్: దశాంశాల్లోనే ఉంది అసలు సంగతి

పంపు కంపనాల డేటాలో శిఖరాలు వెతకడానికి ల్యాబ్‌వ్యూ (బ్లాకులు కలిపి ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్)లోని పీక్ డిటెక్టర్ వీఐ అనే సిద్ధంగా ఉన్న బ్లాక్ వాడుతున్నాను. కోడ్ రాసే పని లేదు, బ్లాక్ పెట్టి వైర్లు కలపడమే. ఇది అన్నిటికన్నా ఎక్కువ విలువున్న శాంపిల్‌ని (ఒక్కో కొలతని) ఏరి ఊరుకోదు. పక్కపక్క బిందువులకు పారాబొలా అమర్చి దాని కొనను పట్టుకుంటుంది. అందుకే లొకేషన్, అంటే శిఖరం ఎన్నో శాంపిల్ దగ్గర ఉందో, 412.37 అని దశాంశాల్లో వస్తుంది. మొదట్లో నేనేదో తెలివిగా దాన్ని 412 చేసి ఇండెక్స్‌గా వాడాను. వచ్చిన ఖచ్చితత్వమంతా నా చేత్తోనే పారబోసుకున్నాను! ఆ 412.37ని అలాగే డీటీతో (రెండు శాంపిళ్ల మధ్య సమయంతో) గుణించి ఆరంభ సమయం కలపాలి: సెకనుకు 1000 శాంపిళ్లు, సున్నా నుంచి మొదలైతే 0.41237 సెకను.

విడ్త్, అంటే ఒక్కో పారాబొలాకు తీసుకునే బిందువుల సంఖ్య, మామూలుగా 3 ఉంటుంది. నాయిస్ ఉంటే ప్రతి గరుకూ శిఖరమే. 9 పెట్టాక కుదుటపడింది. మరీ పెంచితే సన్న శిఖరాలు చదునైపోతాయి. థ్రెషోల్డ్ (ఏ ఎత్తు దాటితే శిఖరంగా లెక్కించాలో ఆ హద్దు) మాత్రం గ్రాఫ్ చూసుకునే పెట్టాలి.