హీలియం నమూనాకు రాగి గొట్టం: మొరటుదే, కానీ దీనికి సాటి లేదు

అగ్నిపర్వతాల చుట్టుపక్కల భూగర్భజలంలో మాంటిల్ (భూమి పైపొర కిందున్న మందపాటి పొర) హీలియం కోసం వెతికేవాళ్లకు ప్లాస్టిక్ సీసా పనికిరాదు, గాజుదీ అంతంతే. హీలియం రెండింటిలోంచీ జారుకుంటుంది. రెండు కొసల్లో నొక్కి మూసే స్టీలు క్లాంపులున్న మెత్తని రాగి గొట్టం మాత్రం దాన్ని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది.

ఇబ్బందంతా నింపడంలోనే. నీళ్లు వదిలే కొస పైకి ఉండేలా గొట్టాన్ని ఏటవాలుగా పట్టి, కనీసం పది గొట్టాల నీళ్లు పారనివ్వాలి. పారుతున్నంతసేపూ స్పానర్‌తో టకటకా తట్టాలి, లేకపోతే లోపలి గోడకు బుడగలు అంటుకుపోతాయి. చిన్న బుడగ చాలు, లెక్క గాలివైపు మొగ్గడానికి. ముందు నీళ్లు వదిలే కొస క్లాంపు, తర్వాత నీళ్లు లోపలికొచ్చే కొసది బిగించాలి. ఇది తారుమారైతే ఒత్తిడి పడిపోయి వాయువు నీటిని వదిలేస్తుంది. ఒక్కో క్లాంపుకున్న బోల్టులు రెండూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే గొట్టం వంకరగా నొక్కుకుని సన్నగా లీకవుతుంది, అదీ కంటికి కనబడదు.

గాలిలో హీలియం-3 ఒక్కటుంటే హీలియం-4 సుమారు 7.2 లక్షలు. సముద్రమధ్య పర్వతశ్రేణుల బసాల్టులో (మాంటిల్‌లోంచి వచ్చిన లావా రాయి) హీలియం-4తో పోలిస్తే హీలియం-3 గాలిలోకన్నా దాదాపు 8 రెట్లు. గాలి ఎంత కలిసిందో తేల్చడానికి నియాన్ కూడా కొలిపించండి. నీటిలోని పాత ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షయమై హీలియం-3గా మారుతుంది, కాబట్టి దాన్ని మాంటిల్ ఖాతాలో వేయకూడదు.

లోపాలూ ఉన్నాయి. ఒకసారి నొక్కిన గొట్టాన్ని మళ్లీ వాడటం ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న వేడి ఊటల్లో రాగి నల్లబడి తినుకుపోతుంది. అలాంటి నమూనాను నిల్వ ఉంచకుండా వెంటనే ల్యాబ్‌కు పంపాలి.