పుట్టి పెరిగిన రాజమండ్రికి టూరిస్టుల్లా వెళ్లొచ్చాం

మాది రాజమండ్రి, ఆర్యాపురం. ఇంటర్ దాకా అక్కడే, ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ హైదరాబాద్‌లోనే. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లం కానీ వెళ్తే ఇల్లు, అమ్మ వంట, చుట్టాలిళ్లు, మళ్లీ ట్రైను. మా ఆయనది కరీంనగర్, పన్నెండేళ్లుగా మా ఊరి అల్లుడు, ఆయన చూసిన రాజమండ్రి అంటే మా ఇంటి అరిటాకు, మావయ్యల ఇళ్లు, స్టేషను, అంతే. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది, ఇల్లు అద్దెకిచ్చేశాం. ఈసారి సంక్రాంతి అయ్యాక అమ్మే అడిగింది, ఒకసారి గోదారి చూసొద్దామే అని. సరేనని టికెట్లు చూస్తుంటే అప్పుడు తట్టింది, మనం దిగడానికి ఊళ్లో ఇల్లు లేదు కదా, హోటల్ తీసుకోవాలి కదా అని. సొంతూరి పేరు కొట్టి రూముల ఫొటోలు చూస్తుంటే ఎందుకో కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. చుట్టాలకి చెబితే మా ఇంట్లో దిగకపోతే ఊరుకోమంటారు, అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎలాగూ హోటలే కదా, టూరిస్టుల్లాగే మొత్తం తిరుగుదాం అని మూడు రోజులు పెట్టుకున్నాం.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. కొవ్వూరు దాటుతుంటే అమ్మ మా పాపని లేపేసింది, చేతిలో రూపాయి బిళ్ల పెట్టి దణ్ణం పెట్టుకో అంది. బయటంతా మంచు, నీళ్లు సరిగ్గా కనపడలేదు కానీ బ్రిడ్జి మీదకి రాగానే మారే ఆ చప్పుడు నాకు నిద్రలో విన్నా తెలుస్తుంది.

హోటల్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రిసెప్షన్‌లో అందరి ఆధార్‌లూ అడిగారు. అమ్మ ఆధార్‌లో ఇంకా ఆర్యాపురం అడ్రస్సే ఉంది. అది చూసి ఆ కుర్రాడు, "లోకల్ అడ్రస్ ఉన్నోళ్లకి రూమ్ ఇవ్వకూడదండీ, ఏమనుకోకండి" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, కార్డు తీసి పర్సులో పెట్టేసుకుంది. మా ఇద్దరి కార్డుల మీద రూమ్ ఇచ్చారు, ఆ అబ్బాయి తప్పేం లేదు, చాలా హోటళ్లల్లో ఈ రూలు పెట్టుకుంటారు, కానీ డెబ్భై ఏళ్లు ఆ ఊళ్లో బతికిన మనిషి ముందు ఆ మాట వినాల్సొచ్చింది. మీ పెద్దవాళ్లతో సొంతూరికి ఇలా వెళ్తుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రెండోది, ఫొటోల్లో గోదావరి వ్యూ అని పెట్టారు, మాకిచ్చిన రూమ్ కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. అడిగితే వ్యూ రూములు వేరే రేటు అన్నారు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి గట్టుకి దగ్గర్లో ఇంకో చిన్న లాడ్జికి మారిపోయాం, లిఫ్ట్ లేదు, టీవీ చిన్నది, కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, రెండు నిమిషాలు నడిస్తే గోదారి. ఈ ఊళ్లో దిగేటప్పుడు హోటల్‌కి ఎన్ని స్టార్లో చూడకండి, గట్టుకి ఎంత దూరమో చూసుకోండి, నా మాట వినండి.

మొదటి సాయంత్రం గట్టు మీదే గడిచిపోయింది. మన ఊరు తూర్పు ఒడ్డున ఉంటుంది కాబట్టి సూర్యుడు కొవ్వూరు వైపు నీళ్లల్లోకి దిగుతాడు. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని పాపకి వంతెనలు చూపించాను. 1897లో మొదలెట్టి 1900లో రైళ్లు నడిపిన హేవలాక్ వంతెన, 56 ఖానాలు, సరిగ్గా 1997లో రైళ్లు ఆపేశారు. దాని బదులు కట్టిందే ఆ విల్లుల్లాంటి ఆర్చి బ్రిడ్జి. పైన రోడ్డు కింద రైలు ఉన్నది 1974 నాటిది. పాత వంతెన మీద రైలొస్తే మా ఇంట్లో గిన్నెలు కదిలేవని అమ్మ చెప్తుంటే మా ఆయన నమ్మలేదు, నాకూ అలా ఏం గుర్తులేదు, కానీ అమ్మ గట్టిగా చెప్పింది. ఆ వంతెనని నడిచి చూసేలా చేస్తామని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం, 2025లో అఖండ గోదావరి పేరుతో శంకుస్థాపన కూడా అయ్యింది. అది పూర్తయితే ఈ ఊరికి అంతకంటే గొప్ప ఆకర్షణ ఉండదు, ఆ ఇనప కమ్మీల మధ్యలోంచి అస్తమయం చూడాలని నాకు చిన్నప్పట్నుంచీ ఆశ.

గట్టు మీద ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. జనవరి కదా, తేగలు కూడా ఉన్నాయి, ఒక కట్ట కొన్నాం. మా ఆయనకి ఎలా తినాలో తెలీదు, అమ్మ పొర ఒలిచి, రెండుగా చీల్చి, మధ్యలో చందమామ, అంటే లోపలి లేత మొలక, తీసి ముందు ఆయనకే పెట్టింది.

రెండో రోజు పొద్దున్న కందుకూరి వీరేశలింగం గారిల్లు. స్కూల్లో నాలుగు మార్కుల ప్రశ్న అది మాకు, 1881 డిసెంబరు 11, ఆయన చేయించిన మొదటి వితంతు వివాహం, పెళ్లికూతురు గౌరమ్మ, పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు, బట్టీ పట్టేశాం. ఆ ఇంటికి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు, సైకిల్ మీద రోజూ ఆ చుట్టుపక్కలే తిరిగాను. గదుల్లో తిరుగుతుంటే అమ్మ ఒక్కొక్కటీ చెప్పింది, పెళ్లి చేసినందుకు ఊరంతా వెలేస్తే వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదారికెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చుకుని అందరికీ వండిపెట్టారు అని. అమ్మ ముప్ఫై ఏళ్లు తెలుగు టీచరు, ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో ఆ పాఠం. మా పాప వెంటనే అడిగింది, మరి ప్రశ్నలో ఆవిడ పేరు ఎందుకు లేదు అమ్మమ్మా అని. అమ్మ కాసేపు ఆగి, ఉండాలే, అంది.

అక్కణ్నుంచి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. ఈ ట్రిప్ మొత్తంలో నన్ను కదిలించేసింది ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. 1897లో ఇక్కడే పుట్టాడాయన. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే దొర ఆయనలో ప్రతిభ చూసి ప్రోత్సహించాడు, బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్లి చదువుకున్నాడు, తిరిగొచ్చి ఇక్కడే కుర్రాళ్లకి బొమ్మలు నేర్పాడు. 1925లో మశూచితో పోయాడు, 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కాస్త వయసులో ఇన్నేసి బొమ్మలు! ఋష్యశృంగుడి బొమ్మ, సిద్ధార్థుడి బొమ్మ, జడలు వేసుకునే ఆడవాళ్లు, గోదారి. ఆయన గీసిన ఆడవాళ్ల నడుము వంపు, కూర్చున్న తీరు చూస్తే మన ఊరి వీధుల్లో కనపడే మనుషులే, క్యాలెండర్ దేవతలు కాదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. మేమున్న గంటన్నరలో ఇంకెవరూ రాలేదు. రాజమండ్రి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఘాట్, ఇస్కాన్ గుడి చూసి పాపికొండలు బోటెక్కేస్తారు, దయచేసి ఇక్కడికి ఒక గంట కేటాయించండి. పురావస్తు మ్యూజియం కూడా చూశాం, శిల్పాలు ఇష్టమైతే వెళ్లొచ్చు, పిల్లలకి త్వరగా విసుగొస్తుంది. గౌతమీ గ్రంథాలయం మాత్రం మేం వెళ్లిన టైముకి తీసి లేదు, 1898 నాటి లైబ్రరీ, నాన్న నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు, గేటు దగ్గర నిలబడి వచ్చేశాను.

తిండి విషయానికొస్తే, హోటల్ బఫేలో టిఫిన్ దండగ, బయట పెసరట్టు ఉప్మా తినండి, అల్లం పచ్చడి ఘాటుగా ఉంటుంది. మధ్యాహ్నం ఒక మెస్సులో తిన్నాం, కంద బచ్చలి కూర ఆవ పెట్టి చేశారు, ముద్దపప్పు, పులుసు, గడ్డ పెరుగు, వడ్డించే ఆయన "ఇంకొంచెం వేయించుకోండమ్మా, ఏం తిన్నారనీ" అని మారు వడ్డిస్తూనే ఉన్నాడు. రోజ్ మిల్క్ కోసం మెయిన్ రోడ్ వైపు వెళ్లాం, చల్లగా, చిక్కగా, రోడ్డు మీదే నిలబడి తాగాం. అక్కడ నలభై ఏళ్లుండే ఒకావిడ అమ్మని చూసి, "టీచరు గారూ, నేనండీ, ఎయిత్ బి" అని చేతులు పట్టేసుకుంది. ఎక్కడ దిగారని అడిగితే అమ్మ లాడ్జి అని చెప్పలేకపోయింది, మన వాళ్లింట్లోనేనమ్మా అనేసింది.

ఒక చోట జనవరిలో పులస పులుసు ఉందన్నారు, వద్దన్నాం. వరదొచ్చి గోదారి ఎర్రబడ్డాక, జూలై నుంచి సెప్టెంబరు లోపు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేదే పులస, మిగతా రోజుల్లో ఆ పేరు చెప్తే డబ్బులు పెట్టకండి.

మూడో రోజు ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం, అటునుంచి కడియం. ఎక్కేముందే బేరం తేల్చుకోండి, వెయిటింగ్‌తో కలిపి మాకు పన్నెండొందలు అయ్యింది, డ్రైవరు మంచివాడు, అమ్మ దిగేటప్పుడల్లా చెయ్యి పట్టుకుని దింపాడు. 1833 నాటి కరువు, ఆ తర్వాత తుఫాను, ఒడ్డునే ఇంత నది పెట్టుకుని జనం ఆకలితో చచ్చిపోయిన నేల ఇది, కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడున్న బ్యారేజి తర్వాత కట్టింది. అక్కడ మ్యూజియంలో పాత యంత్రాలు, నమూనాలు ఉన్నాయి, నీళ్లు కాలవల్లోకి ఎలా మళ్లుతాయో పాపకి నమూనా చూస్తే ఇట్టే అర్థమైంది. గోదారి స్నానం సంకల్పంలో పురోహితులు కాటన్ లాంటి ఒక ఇంగ్లీషాయన్ని తలుచుకోవడం ఇంకెక్కడైనా ఉందా అని మా ఆయన ఆశ్చర్యపోయాడు. కడియం నర్సరీలు ఈ నెలల్లోనే చూడాలి, కనుచూపు మేర చామంతులు, బంతులు. అమ్మ ఒక సన్నజాజి మొక్క కొనుక్కుంది.

స్టేషన్‌కి వెళ్లే ముందు ఆర్యాపురం పోనిమ్మంది. అద్దెకున్నవాళ్లు మంచివాళ్లు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అమ్మ కాఫీ చల్లారిపోయేదాకా పెరటివైపే చూస్తూ కూర్చుంది, తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, గునపం ఉందా అని అడిగి, ఆ సన్నజాజి మొక్కని నూతి పక్కన నాటించింది. నీళ్లు రోజు విడిచి రోజు పొయ్యి తల్లీ, చాలు, అని చెప్పింది.

2027లో పుష్కరాలు, అప్పుడు రూములు దొరకవు, ఆ రద్దీలో అమ్మని తిప్పడం కష్టం. అందుకని ఈ ఆగస్టులోనే, ఎర్రనీళ్లు ఉండగా మళ్లీ వెళ్తున్నాం, గట్టు దగ్గర ఆ లాడ్జే, ఈసారి చుట్టాలకి చెప్పే వెళ్తాం. అమ్మ ఆధార్ అడ్రస్ మారుద్దామా అన్నాను. ఉండనీవే అంది.