ఆ ఆకుపచ్చ పికప్ కొనేముందు ఇది చదవండి

రాజమహేంద్రవరానికి కాస్త దిగువన, గోదావరి గట్టు పక్కన ఉన్న ఒక షెడ్డులో ఆకుపచ్చ రంగు వేసిన చిన్న పికప్ ఒకటి అమ్మకానికి ఉంది. లోపల ఒక్కటే సీటు, దాని చుట్టూ రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవరును కాపాడే ఇనుప గొట్టాల పంజరం), వెనక తొట్టికి రేకు మూత. "రేసుకు సిద్ధం చేసిన బండి, ఇంజను కొత్తగా కట్టింది" అని ప్రకటనలో రాశారు. అడుగుతున్న ధర 3,90,000 రూపాయలు. సంక్రాంతి వెళ్ళిన వారంలో అదే బండి నీలం రంగులో ఉండేది. ఆ తర్వాత మూడు నెలలు మా ఇంటి ముందు కొబ్బరి చెట్టు కింద ఉంది. తిరిగి ఆ షెడ్డుకు ఎందుకు వెళ్ళిందో చెప్పడానికే రాస్తున్నాను. షెడ్డు పేరు రాయను, ఫిర్యాదు ఇంకా తేలలేదు. బండిని గుర్తుపట్టే ఆనవాళ్ళు మాత్రం చివర ఇస్తాను.

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల ఏరియేటర్లు, మోటార్లు బాగుచేసే లేత్ షాపు పెట్టి ఇరవై రెండేళ్ళు. ఇనుమును చూసి జాతకం చెబుతానని చుట్టుపక్కల పేరు. ఆ పేరే నన్ను ముంచింది. కొనేటప్పుడు ఇంకొకరిని వెంట తీసుకువెళ్ళి చూపించాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఈ వేగ పందేల పిచ్చి అంటించినవాడు మా మేనల్లుడు. అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడి బోన్‌విల్ ఉప్పు మైదానంలో 1949లో మొదలైన స్పీడ్ వీక్ అనే వేగ పోటీ ఆగస్టులో జరుగుతుంది. ఎడ్ల పందేల్లాగా పక్కపక్కన నిలబెట్టి వదలడం ఉండదు. ఒక్కొక్క బండే వెళుతుంది, పోటీ గడియారంతోనే. నేల మీద అత్యధిక వేగం 1997లో ఆండీ గ్రీన్ నెవాడా ఎడారిలో జెట్ ఇంజను కారుతో సాధించిన గంటకు 1,227.985 కిలోమీటర్లు. దాన్ని తలచుకుని నాకు నిద్ర పట్టకపోవడం ఏమీ లేదు. చిన్న పికప్‌లకు అక్కడ విడిగా తరగతులు ఉన్నాయని తెలిసిన రోజున మాత్రం పట్టలేదు. మన వైపు కొబ్బరికాయలూ ఐసు పెట్టెలూ మోసే బళ్ళకు అన్నదమ్ముల్లాంటి బళ్ళు గడియారం ముందు పరుగెత్తుతున్నాయంటే, మనమూ ఒకటి కట్టవచ్చుగదా అనిపించింది. యూటా దాకా వెళ్ళే స్తోమత లేదు. అనుమతి ఉన్న పోటీలో, మూసివేసిన రన్‌వే మీద, గంటకు 170 కిలోమీటర్లు. అంతే నా కోరిక.

షెడ్డు యజమాని మాటకారి. "బాబాయిగారూ, మీరు కష్టపడి కట్టేదేముంది, నేను కట్టి పెట్టాను, మీరు తాళం తిప్పడమే" అన్నాడు. చాసిస్‌ను, అంటే బండి అడుగు ఇనుప చట్రాన్ని, గాలితో ఇసుక కొట్టించి తుడిపించానన్నాడు. కేజ్ అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కట్టానన్నాడు. వెనక హౌసింగులో చక్రాలను తిప్పే పళ్ళచక్రాల జత, క్రౌన్ పినియన్, మార్చి 3.5 నిష్పత్తి వేశానన్నాడు, అంటే షాఫ్టు మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. బరువు తగ్గించడానికి చాసిస్‌కు వరసగా రంధ్రాలు వేసి, కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు తీసేశానని గొప్పగా చూపించాడు. నాకు అక్కడే అనుమానం రావలసింది. ఇలాంటి పోటీలో బరువు పెద్ద శత్రువు కాదు. ఉప్పు మీద చక్రం జారకుండా ఉండడానికి అక్కడివాళ్ళు బండిలో సీసం దిమ్మలు వేసుకుంటారు. తేలిక చేయడం, నిలబడ్డ చోటినుంచి పావు మైలు దూసుకుపోయే డ్రాగ్ పందేలవాళ్ళ లెక్క. ఏ పందెమో తెలియనివాడు కట్టిన బండి అది అని ఆ రంధ్రాలే చెబుతున్నాయి, నాకే వినబడలేదు. 3,60,000కు బేరం తెగింది. 50,000 ఫోను ద్వారా, మిగిలింది నగదుగా ఇచ్చాను. తెలివైనవాణ్ణి కదా!

ముందు చాసిస్ సంగతి. బండి ఇంటికి వచ్చిన పదో రోజున సన్న తుంపర పడింది. మధ్యాహ్నానికి చెట్టు కింద నీచు వాసన. పిల్లి ఏదో తెచ్చి పడేసిందనుకున్నాం. మర్నాడు మా ఆవిడ ముక్కు మూసుకుని బండి చుట్టూ తిరిగి, క్యాబిన్ వెనక అడ్డ బీము దగ్గర ఆగింది. "వాసన ఇక్కడినుంచే" అంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రంగు కింద లప్పం, లప్పం కింద పలచటి రేకు అతుకు, దాని కింద నల్లటి బురద. ఆ బురదలో థర్మోకోల్ ముక్కలూ రొయ్య మీసాలూ! ఆ బండి రేసుకు పుట్టింది కాదు. ఏళ్ళ తరబడి ఐసులో రొయ్యలు మోసింది. ఐసు కరిగిన నీళ్ళు, చెరువు ఉప్పు కలిసి తొట్టి కిందకు కారి, పెట్టెలా మూసి ఉన్న బీములోకి దిగుతాయి. నీరు పోవడానికి అడుగున ఉండే రంధ్రాలు పూడుకుపోతే లోపలే నిలుస్తాయి. అందుకే ఇలాంటి బండిని తుప్పు లోపలినుంచి బయటకు తింటుంది. పైన ఇసుకతో ఎంత తుడిపించినా ఆ పుండు కనబడదు. ఇసుక దెబ్బకు రేకు ఇంకాస్త పలచబడుతుంది కూడా.

బోన్‌విల్‌లో పరుగెత్తి వచ్చిన బండిని ఎంత కడిగినా మూలల్లో ఉప్పు మిగులుతుందని మేనల్లుడు చెప్పేవాడు. అక్కడ నేల తడిసి 2014లో, ఉప్పు పొర సరిగా లేక 2015లో స్పీడ్ వీక్ రద్దు చేశారు. వాళ్ళకు ఉప్పు అంటే పరుగెత్తే నేల. నా బండిని ఉప్పు పందెం చూడకముందే తినేసింది.

కాబట్టి సుత్తి తీసుకువెళ్ళండి. పావుకిలో సుత్తి చాలు. చాసిస్ పొడవునా, ముఖ్యంగా క్యాబిన్ వెనకా, కమాన్ కట్టలు బిగించే కొక్కేల దగ్గరా, జానెడుకొకసారి కొట్టండి. మంచి ఇనుము గంటలా పలుకుతుంది. పుచ్చిన చోట, అతుకు వేసిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. అయస్కాంతం కూడా జేబులో వేసుకోండి, లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. యజమాని వద్దంటే అక్కడే ఆగిపోండి.

రోల్ కేజ్ దగ్గర నేను మోసపోయిన తీరు వేరు. కొనేముందే వెర్నియర్ పెట్టి కొలిచాను. వ్యాసం 48 మిల్లీమీటర్ల పైచిలుకు. విప్పి ఉన్న ఒక కొసలో గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటింది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్ఐఏ) నిబంధనల్లో కేజ్‌లోని ప్రధాన వంపు గొట్టానికి కనీసం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల గోడ, లేదా 50 వ్యాసానికి 2 గోడ ఉండాలి. కొలత చూస్తే దండిగా ఉందనుకున్నాను. కానీ అదే వాక్యంలో ఇంకో మాట ఉంది: అతుకు లేకుండా, వేడి చేయకుండా లాగి చేసిన ఉక్కు గొట్టమై ఉండాలి. నేను అంకెలు చదివి ఆ మాట వదిలేశాను. తర్వాత ఎడమ వెనక కాలుకు 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, రంగు గీకి చూశాను. కింద వెండి మెరుపు, జింకు పూత. లోపల వేలు పెట్టే వీలున్న కొసలో పొడవునా గరుకు గీత, అంటే అతుకు. మన ఇళ్ళల్లో బోరు నీళ్ళకు వేసే ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు! వెల్డింగు చేసిన చోట్ల జింకు కాలి తెల్లటి పొడి, వెల్డు నిండా సూది బెజ్జాలు. పైగా కేజ్ కాళ్ళను క్యాబిన్ అడుగు రేకు మీదే అతికించారు. కింద కనీసం 3 మిల్లీమీటర్ల పలక, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యంతో వేయాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. బండి పల్లటీ కొడితే కేజ్ డ్రైవరును కాపాడదు. కాళ్ళు రేకును చింపుకుని కిందకు దిగి, పైకప్పు మనిషి మీదకు వస్తుంది.

క్రౌన్ పినియన్ మాట అబద్ధమని తేలడానికి పది నిమిషాలు పట్టింది. మీరూ చేయవచ్చు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక ఒక చక్రాన్ని మాత్రం జాకీ మీద లేపండి. దాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, గేరుబాక్సు నుంచి వెనక హౌసింగుకు వెళ్ళే జాయింట్ షాఫ్టు మీద సుద్దగీత గీసి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. రెండో చక్రం నేల మీద ఉంది కాబట్టి రెండు చుట్లే ఒక పూర్తి లెక్క. షాఫ్టు మూడున్నర తిరగాలి, నాలుగున్నర తిరిగింది. అది బరువులు మోసే బండి అసలు నిష్పత్తి, ఎవరూ ఏమీ మార్చలేదు.

దీనివల్ల పోయేదేమిటో చూడండి. ఆ టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు, అయిదో గేరు నిష్పత్తి 0.85. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే, 3.5 వేసిన బండి గంటకు 177 కిలోమీటర్ల దాకా వెళ్ళగలదు. 4.5తో 138 దగ్గర ఆగిపోతుంది. ఆ నిష్పత్తి మార్చినా పని అయిపోదు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 120 నుంచి 170కి వెళ్ళాలంటే ఆ శక్తి దాదాపు 2.8 రెట్లు కావాలి. పికప్ ఆకారం సంగతి చెప్పనక్కరలేదు, నిటారుగా నిలబెట్టిన బీరువా.

టైర్లు రీట్రెడింగ్ చేసినవి. టైరు తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరం పక్క గోడ మీద ఉంటుంది, దాన్ని గ్రైండర్‌తో గీకేశారు. ఒక్క దానిమీద మిగిలింది: ఎన్, అంటే గంటకు 140 కిలోమీటర్లు. తయారీ అంకె 0914, అంటే 2014లో తొమ్మిదో వారం.

ఇంజను మాత్రం బాగుంది. అబద్ధం చెప్పను. విప్పి చూశాను, పిస్టన్ రింగులూ బేరింగులూ కొత్తవే, చేసినవాడు పనితనం తెలిసినవాడు. ఆ ఇంజను శబ్దం విని మురిసిపోయే మిగతావి చూడలేదు.

ఫోను చేసి అడిగితే షెడ్డు యజమాని, "తెల్లవారుజామున నాలుగింటికి బైపాసు ఖాళీగా ఉంటుంది, ఒకసారి తోలి చూడండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. ఆ కేజ్‌తో, ఆ టైర్లతో! ప్రభుత్వ అనుమతి లేకుండా దారి మీద వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అది పక్కన పెట్టినా, ఆ వేళకు మన రోడ్ల మీద పాలవాళ్ళు, పూలబుట్టల ఆడవాళ్ళు, ఎండబోసిన ధాన్యం పక్కన నిద్రపోయే మనుషులు ఉంటారు.

బిల్లు తీసి చూస్తే అసలు దెబ్బ అక్కడ ఉంది. మొత్తం 50,000. వివరం: "వాడిన ఇనుప సామాను". రేసు అన్న మాట లేదు, కేజ్ లేదు, నిష్పత్తి లేదు. నగదుకు ఆధారమే లేదు. మీరు కొంటే ప్రతి మాటా కాగితం మీద రాయించండి, సొమ్మంతా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఆర్సీ అడిగితే "రేసు బండికి ఆర్సీ ఎందుకండీ" అంటారు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ట్రేసింగ్ తీసుకుని, పాత ఆర్సీ నకలుతో సరిచూడండి. దొంగ బండి అయితే తలనొప్పి కొన్నవాడిదే.

వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేశాక తెలిసింది: చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్ళు. నేను ఫిర్యాదు వేశాను. ఈలోగా ఇరుగుపొరుగు పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడితే, బండి తీసుకుని 2,20,000 తిరిగి ఇచ్చాడు. మిగిలిన 1,40,000 కోసం కమిషన్ వాయిదాలకు తిరుగుతున్నాను.

అప్పుడు నేను చేసిన తప్పు ఒకటుంది, నిద్ర పట్టనివ్వనిది అదే. బండి అప్పగించేముందు ఆ కేజ్‌ను కోసి పడేయవలసింది. గ్రైండర్ చేతిలోనే ఉంది. "ఉన్నది ఉన్నట్టు ఇస్తేనే డబ్బు" అన్నాడు, ఇచ్చేశాను. పోయిన వారం ఆకుపచ్చ రంగులో ప్రకటన చూసి నా పొట్టలో చెయ్యి పెట్టి కలిపినట్టయింది.

ఆనవాళ్ళు ఇవి. కేజ్ ఎడమ వెనక కాలు, అడుగు నుంచి జానెడు ఎత్తున, లోపలి వైపు నేను వేసిన 6 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. లప్పంతో పూడ్చి ఉంటారు, గోటితో గీకితే ఊడుతుంది. క్యాబిన్ వెనక అడ్డ బీముకు కుడి కొసన నా ఉలి గుర్తు, మూడు అడ్డగీతలు. తొట్టి రేకు మూత ఎత్తి, ఒక చెంబుడు నీళ్ళు ఆ బీము మీద పోసి కాసేపు ఆగండి. వాసన వస్తే అదే బండి.