రాయనివ్వని డిస్కు మీద ఏ డేటాబేస్ మేలు?

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెడితే ముందు దెబ్బతినేది మెమరీ కార్డే. అందుకని లైబ్రరీ కేటలాగ్ పెట్టిన కార్డును రీడ్ ఓన్లీగా, అంటే చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా మౌంట్ చేశాను. జనం వెతుక్కోవడమే కదా, రాసే పనేముంది అనుకున్నా. డేటాబేస్‌కి దాని పనులు దానికుంటాయి మరి.

మొదట పెట్టింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్. లేచేటప్పుడు తన ప్రాసెస్ నంబరు రాసుకునే పీఐడీ ఫైలే రాయలేక అసలు లేవలేదు. ‘డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ’ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే సరి అంటారు కొందరు. అది కట్టేది యూజర్ చేతులు, సర్వర్‌వి కాదు. ఆ కట్టు కూడా ఒక్క సెట్ కమాండ్‌తో ఊడిపోతుంది.

సరే, రెండు ఫైల్ సిస్టమ్‌లను ఒకదానిమీద ఒకటి పరిచే ఓవర్‌లే వేశాను: కింద కార్డు, పైన రాతలకు ర్యామ్‌లోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్. సర్వర్ లేచింది. పెద్ద టేబుల్ మీద సెలెక్ట్ కౌంట్ కొట్టి పక్క టెర్మినల్లో ఎంత చోటు నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ చూస్తే, ర్యామ్ నిండిపోతోంది! నేను ఒక్క వరుస కూడా మార్చలేదు. సంగతేమిటంటే, పోస్ట్‌గ్రెస్ టేబుల్ ఫైళ్లను చదవడానికైనా రీడ్-రైట్‌గానే తెరుస్తుంది. అలా తెరిచిన మరుక్షణం ఓవర్‌లే ఫైలు మొత్తాన్ని పైకి కాపీ చేస్తుంది. పెద్ద టేబుల్‌ను పోస్ట్‌గ్రెస్ సెగ్మెంట్లనే ఫైళ్లుగా విడగొడుతుంది, ఒక్కోటి 1 జీబీ దాకా ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ తప్పదంటే లినక్స్‌లోని డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ నయం, ఫైలు మొత్తం కాకుండా మారిన బ్లాకులే పక్కకు వెళ్తాయి. కార్డుకు ఎక్కించే ముందే వాక్యూమ్ ఫ్రీజ్ కమాండ్ నడిపితే, వరుసలు చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ వాటిపై పెట్టుకునే గుర్తుల (హింట్ బిట్ల) రాత కూడా తప్పుతుంది.

మరో డేటాబేస్ సర్వర్ మైఎస్‌క్యూఎల్ ఈ విషయంలో నిజాయితీపరురాలు. దాని స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీకి 5.6 వెర్షన్ నుంచి ‘ఇన్నోడీబీ రీడ్ ఓన్లీ’ అనే ఆప్షన్ ఇలాంటి మీడియా కోసమే ఉంది. ముందుగా, కొన్ని మార్పులను వాయిదా వేసే చేంజ్ బఫరింగ్ ఆపి, ఫాస్ట్ షట్‌డౌన్ విలువ 0 పెట్టి నెమ్మదిగా మూయాలి. పీఐడీ, టెంపరరీ ఫైళ్లకు రాయగలిగే చోటు చూపించాలి. 8.0లో యూజర్ల టేబుళ్లు కూడా ఇన్నోడీబీలోకి చేరాయి కాబట్టి, అకౌంట్లన్నీ ముందే తయారుచేసుకోవాలి. తర్వాత క్రియేట్ యూజర్ నడవదు.

ఎస్‌క్యూలైట్ సర్వరే కాదు, ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్, కానీ నా పనికి అదే సరిపోయింది. జర్నల్ మోడ్‌ను, పక్కన వేరే ఫైళ్లు పెట్టుకునే వాల్ నుంచి డిలీట్‌కి ముందే మార్చి, ఫైలును ‘ఇమ్యూటబుల్=1’తో తెరిస్తే చాలు, లాకుల జోలికే పోదు. ఒక్కటే షరతు, ప్రోగ్రాము నడుస్తుండగా ఆ ఫైలు మారకూడదు. మారితే తప్పుడు జవాబులొస్తాయి. కొత్త పుస్తకాలొచ్చినప్పుడు అన్నీ ఆపి, ఫైలు మార్చి, మళ్లీ మొదలుపెడతాను.

పోస్ట్‌గ్రెస్ కోసం రాసిన క్వెరీల్లో, పెద్దబడి చిన్నబడి పట్టించుకోకుండా వెతికే ఐలైక్‌లన్నీ లైక్‌లుగా మార్చాల్సొచ్చింది. ఎస్‌క్యూలైట్ లైక్ ఇంగ్లిష్ అక్షరాలకే పెద్దబడి చిన్నబడి తేడా మరిచిపోతుంది. మన అక్షరాలకు ఆ బడులే లేవు కాబట్టి తెలుగు పేర్లు అలాగే దొరుకుతున్నాయి.