మీభూమి నుంచి వాట్సాప్ దాకా అన్నీ వాడి చూసినాక

మాది కందుకూరు పక్కన పల్లె, 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారే, ఆ కందుకూరే. భూమి రికార్డులు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిని 2015లో వచ్చిన కొత్తల్నుంచి వాడతన్నా. అంతకుముందు అడంగల్ (ఏ చేను ఎవరి సాగులో ఉందో, ఏ పంటేశారో రాసే కాగితం) కావాలంటే వీఆర్వో ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకోని కూర్చునేవాళ్లం, ఇప్పుడు ఖాతా నంబర్ కొడితే 1బి (ఎవరి పేరన ఎంత భూమి ఉందో చెప్పే కాగితం) వచ్చేస్తది, బ్యాంకులో క్రాప్ లోన్ క్యూలో నిలబడే తీసి చూపించిన రోజులున్నాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం) కూడా అంతే, కాకపోతే 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లే కంప్యూటర్లో కనపడతాయి, మా తాత చేను కొన్నది 1971లో, దానికి రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాల్సొచ్చింది.

కాగితం తీసుకోడం వరకు సూపర్. అందులో తప్పుంటేనే చుక్కలు కనపడేది.

మా చేను 1.42 ఎకరాలు, ఎక్కించేటప్పుడు ఎవరు కొట్టారో ఏమో 1.24 అని పడింది, అంటే పద్దెనిమిది సెంట్లు గాల్లో కలిసిపోయినట్టేగా. నాన్న ఫోన్ లాక్కోని చూసి "గట్టు మీద యాపచెట్టు ఆడే ఉండాది గదరా, మరి చేను ఎట్టా తగ్గింది" అన్నాడు. అర్జీ పెట్టా, రసీదొచ్చింది, నెల తర్వాత పరిష్కరించబడింది అని మెసేజొచ్చింది, సంబరంగా తీసి చూస్తే అదే 1.24! ఆఫీసుకి పోతే సార్ మీటింగులో ఉన్నాడు, మళ్లీ పోతే సర్వేయర్ లీవు, ఇట్టా ఏడు నెలలు తిరిగా.

ఇంక మా అమ్మ సంగతి. పొగాకు గుచ్చీ గుచ్చీ ఆమె వేళ్లకి గీతలే లేవు, జిగురు పోవాలని కొబ్బరినూనె రాసి తుడిచినా మిషను ముద్ర తీసుకోలా. ఓటీపీ అన్నారు, అదేమో ఎప్పుడో రీఛార్జి ఆపేసిన నంబరుకి పోతంది.

2025 జనవరిలో ప్రభుత్వం వాట్సాప్ సేవ మన మిత్ర వచ్చింది, 9552300009కి వాట్సాప్‌లో హాయ్ పెడితే చాలు, 161 సేవలతో మొదలెట్టారు. కరెంటు బిల్లు దాంట్లోనే కడతన్నా, బానే ఉంది.

కాగితం తీసుకోడానికైతే అయిదుకి నాలుగున్నర ఇస్తా, తప్పు సరిచేయించుకోడానికి ఒకటిన్నర, ఆ ఒకటిన్నరా చివర్లో చేనికొచ్చి కొలిచిన సర్వేయర్ కుర్రోడికే. ఆయన కూడా వచ్చీరాగానే అడిగింది ఏందంటే పాత పాసుపుస్తకం ఉందా అని, నాన్న ట్రంకుపెట్టెలోంచి తీసిచ్చాడు, చెదలు అంచులే తిన్నాయి, 1.42 అంకె మాత్రం చక్కగా కనపడతంది.