పురుగుమందుల దుకాణం, మా మండల కేంద్రం: నాలుగు నక్షత్రాలు

వరంగల్ వైపు పత్తి ఊళ్లలో ఏ పురుగుకు ఏ మందో చెప్పేదీ, ఉద్దెర ఇచ్చేదీ మందుల దుకాణమే. అందుకే అక్కడ కూర్చున్న మనిషి మంచివాడా కాదా అన్నది మాకు చాలా పెద్ద విషయం.

బస్టాండు వెనకున్న ఈ దుకాణంలో పచ్చదోమకు మందడిగితే ముందు ఆకు తెమ్మంటాడు అన్న. దోమ తక్కువుంటే వేపనూనె చాలంటాడు. ఎన్నెకరాలో అడిగి అంతకు సరిపడా చిన్న సీసాలే ఇస్తాడు. “మిగిలింది ఇంట్ల పెట్టుకోకు చెల్లె, కావాలంటే మళ్ల రా” అంటాడు. మా ఊళ్లో లీటరు డబ్బాలు మంచం కిందే ఉంటాయి. పంట పోయి మనసు విరిగిన రాత్రి అవి చేతికందేలా ఉండకూడదు. శ్రీలంకలో 1995కల్లా అతి ప్రమాదకరమైన మందులు ఆపేశాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన దేశం మోనోక్రోటోఫాస్ అనే ప్రమాదకరమైన పురుగుమందు 36 శాతం ద్రవాన్ని ఆపమన్నది 2023లో. ఈ అన్న అంతకుముందే అమ్మడం మానేశాడు.

మా ఇంటికి జరిగిన మేలు వేరే. పత్తికి ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు కొట్టిన రోజుల్లో మా ఆయనకు తలనొప్పి, చెమటలు. తర్వాత వారాల తరబడి నిద్రుండదు, పలకరిస్తే పలకడు, పిల్లల మీద ఊరికే కోపం. అప్పుల దిగులే అన్నారు అందరూ. “మందు కొట్టినంక ఎట్లుంటుండు?” అని అడిగింది అన్న ఒక్కడే. ఈ జాతి మందులు నరాల పనికి కావలసిన ఎంజైమును అడ్డుకుంటాయి. ఏళ్ల తరబడి ఒంటికి తగిలేవాళ్లలో కుంగుబాటు ఎక్కువని చాలా పరిశోధనల్లో కనబడింది. అప్పు ఉన్నది నిజమే, మందు దానికి తోడైంది. డాక్టరుకు చూపించి, మందు కొట్టే సంగతి తప్పక చెప్పమన్నాడు. గల్లాపెట్టె పక్క గోడమీద మనసు బాగోలేనివాళ్లు ఫోను చేసే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 అంటించాడు. పైసా ఖర్చు లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. మా ఆయన చేసి చాలాసేపు మాట్లాడాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు.

ఒక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, చేతి తొడుగులన్నీ మగవాళ్ల సైజువే. మందు కలిపేదీ, నీళ్లు మోసేదీ, తడిసిన అంగీలు ఉతికేదీ మేమే కదా! ఎన్నిసార్లు అడిగినా తెప్పించలేదు.

సంత రోజు పోకండి, మాట్లాడే తీరిక ఆయనకుండదు. బిల్లు అడిగి తీసుకోండి. కళ్లు తిరిగి ఆసుపత్రికి పోవాల్సి వస్తే మందు డబ్బా లేబులు వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.